ఏడిపించింది మా వాడే. ఏం చెయ్యమంటారు?

ఎంవీపీ_అమ్మ | సోమవారం రాత్రి 10:42

ఈ విభాగంలో అందరూ "మా పిల్లాణ్ణి స్కూల్లో ఏడిపిస్తున్నారు" అని రాస్తుంటారు. నాది తిరగేసిన కథ. ఏడిపించింది మా వాడు. ఏడో తరగతి, పన్నెండేళ్ళు.

ఇవాళ పొద్దున్న క్లాస్ టీచర్ ఫోన్ చేసి ఒకసారి రమ్మన్నారు. ఫీజు గురించేమో అనుకుని చెక్‌బుక్ పట్టుకుని మరీ వెళ్ళాను. వాళ్ళ క్లాసులో పెదజాలారిపేట నుంచి వచ్చే అబ్బాయి ఒకడున్నాడు. నాన్న వేటకు వెళ్తారు, అమ్మ చేపలు అమ్ముతారు. ఈ జూన్‌లోనే కొత్తగా చేరాడు. మొదటి వారం బాక్సులో ఎండు నెత్తళ్ళ వేపుడు తెచ్చుకున్నాడట. పక్కవాళ్ళు ముక్కు మూసుకున్నారు. మా వాడు "హార్బర్" అన్నాడు. ఇక ఆ పిల్లాడికి అదే పేరు అయిపోయింది. అటెండెన్స్ పిలిచేటప్పుడు కూడా వెనక బెంచీల నుంచి "హార్బర్ ప్రెజెంట్ మేడం" అంటున్నారట.

పోయిన గురువారం మా వాడు వాళ్ళ నాన్న బాడీ స్ప్రే బ్యాగులో పెట్టుకెళ్ళి ఆ అబ్బాయి బ్యాగు మీదా, మూత తీసిన బాక్సు మీదా కొట్టాడు. క్లాసంతా నవ్వారు. ఆ పిల్లాడు బాక్సు మూసేసి, కుళాయి దగ్గర నీళ్ళు తాగి వచ్చి కూర్చున్నాడు. మర్నాటి నుంచి బాక్సే తేవడం లేదు. టీచర్ అడిగితే "ఆకలి లేదు మేడం" అన్నాడట.

ఇంటికొచ్చి అడిగితే మా వాడు "జోక్ చేశానమ్మా, వాడు కూడా నవ్వాడు" అన్నాడు. చెయ్యెత్తాను కానీ కొట్టలేదు. వాళ్ళ నాన్న క్యాంపుకెళ్ళారు, గురువారం దాకా రారు. నిద్ర పట్టక ఇక్కడ రాస్తున్నాను. తిట్టాలనిపిస్తే తిట్టండి, పడతాను. కానీ ఏం చెయ్యాలో కూడా చెప్పండి.

మల్కాపురం_మావయ్య | సోమవారం రాత్రి 11:05

నాలుగు తగిలించండమ్మా. మా రోజుల్లో ఇంత చర్చ లేదు. మాస్టారు గోడకుర్చీ వేయిస్తే జన్మలో మళ్ళీ ఆ పని చేసేవాళ్ళం కాదు.

తర్కం_మద్దిలపాలెం | సోమవారం రాత్రి 11:20

దీనికింత టెన్షన్ ఎందుకో నాకు అర్థం కాలేదు. పిల్లలన్నాక పేర్లు పెట్టుకుంటారు. నన్ను స్కూల్లో పదేళ్ళూ "బొండాం" అన్నారు. ఇప్పటికీ ఆ బ్యాచే నాకు ప్రాణం. ప్రతిదానికీ బుల్లీయింగ్ అని పేరు తగిలిస్తే పిల్లలు రేపు ఒక మాట కూడా పడలేరు. స్ప్రే కొట్టడం తప్పే, ఒప్పుకుంటాను. సారీ చెప్పించి వదిలెయ్యండి.

భీమిలి_మాస్టారు | మంగళవారం ఉదయం 6:10

గవర్నమెంటు హైస్కూల్లో 24 ఏళ్ళుగా పనిచేస్తున్నాను. లేవగానే ఈ పోస్టు చూశాను.

మావయ్య గారూ, ఇప్పుడు గోడకుర్చీ వేయిస్తే ముందు నా మీద చర్య తీసుకుంటారు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. చట్టం సంగతి పక్కన పెట్టండి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో బెత్తం వాడినవాణ్ణే. బెత్తం దెబ్బ తిన్నవాడు సాయంత్రం బడి బయట, తన మీద చెప్పిన పిల్లాణ్ణి పట్టుకునేవాడు. మనం కొడితే వాడికి తెలిసొచ్చేది చెయ్యి పెద్దదైతే చాలని.

తర్కం గారూ, బొండాం అన్న మీ స్నేహితులు మీ పక్కనే కూర్చుని తిన్నారు కదా? బొండాం మీ ఒక్కరి పొట్ట గురించి. సన్నబడితే ఆ పేరు పోతుంది. ఈ పిల్లాడికి పెట్టిన పేరు వాళ్ళ అమ్మానాన్నల మీద, పేట మొత్తం మీద. ఏం చేస్తే పోతుంది అది?

మా బడి సంగతి ఒకటి చెప్తాను. మధ్యాహ్న భోజన పథకానికి 2024లో డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. గోదావరి లంకల్లో, వచ్చినవాడి కులం అడక్కుండా వేళగాని వేళలో కూడా అన్నం వండి పెట్టిన తల్లి. ఆ పేరు బోర్డు మీద ఉంది, కింద మా పిల్లలేమో వీధుల వారీగా గుంపులు కట్టి కూర్చునేవారు. ఎవరి వీధి ఎవరిదో మీకు వేరే చెప్పక్కర్లేదు. నేను ఉపన్యాసం ఇవ్వలేదు. రోల్ నంబర్ల వరసలో కూర్చోబెట్టాను. రెండు వారాలు మూతులు ముడుచుకున్నారు. మూడో వారం "నీ ఆవకాయ ఇవ్వరా" మొదలైంది. అందరూ మారిపోయారని చెప్పను. ఇద్దరు పిల్లలు ఇప్పటికీ కంచం కొంచెం ఎడంగా జరుపుకుంటారు. ఆ జరపడం ఇంట్లో నేర్చుకున్నది, దాన్ని నేనింకా దాటలేకపోయాను.

పేట_ఇంజనీరు | మంగళవారం ఉదయం 9:38

నేను పెదజాలారిపేటలో పుట్టాను. ఇప్పుడు ఉద్యోగం చెన్నైలో. రాయాలా వద్దా అని టిఫిన్ తింటున్నంతసేపూ ఆలోచించాను.

ఆరో తరగతిలో మా అమ్మని నేనే అడిగాను, బాక్సులో చేప పెట్టొద్దని. ఎందుకని ఆవిడ అడగలేదు. మర్నాటి నుంచి బంగాళదుంప వేపుడు. ఇంటికెళ్తే కవళ్ళ పులుసు, పండుగప్ప, రొయ్యలు. బాక్సులో మాత్రం పదో తరగతి దాకా బంగాళదుంపే. పొద్దున్నే రెండుసార్లు సబ్బు రుద్దుకునేవాణ్ణి. మా నాన్న వల బాగుచేస్తూ దగ్గరికి పిలిస్తే యూనిఫాంతో వెళ్ళేవాణ్ణి కాదు. ఇవన్నీ ఎవరో కొడితే చేసినవి కావు. ఒక్క నవ్వు చాలింది.

ఆ పిల్లాడు కూడా నవ్వాడని మీ వాడు చెప్పింది నిజమే అయ్యుంటుంది మేడం. నేనూ నవ్వేవాణ్ణి. నవ్వకపోతే ఇంకో రెండు రోజులు ఎక్కువ అంటారు.

ఇంకొకటి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి మరబోట్లు సముద్రంలోకి పోకూడదు. సరిగ్గా ఆ రెండు నెలల చివర్లోనే స్కూల్లో చేర్చాలి, ఫీజు కట్టాలి, పుస్తకాలు కొనాలి. జూన్‌లో చేరాడన్నారు. ఆ అడ్మిషన్ వెనక ఎంత అప్పుందో మాలాంటివాళ్ళకి లెక్క తెలుసు. పిల్లాడు ఇంట్లో ఏమీ చెప్పి ఉండడు.

మిమ్మల్ని ఒక్క మాట అడుగుతాను, ఏమనుకోకండి. హార్బర్ అనగానే పన్నెండేళ్ళ పిల్లాడికి బోట్లు గుర్తుకు రావాలి. కంపు అని ఎవరు చెప్పారు?

ఎంవీపీ_అమ్మ | మంగళవారం మధ్యాహ్నం 2:15

నేనే చెప్పాను.

పొద్దున్నుంచీ నాలుగుసార్లు చదివాను మీ పోస్టు. వన్‌టౌన్‌లో మా అమ్మావాళ్ళింటికి వెళ్ళేటప్పుడు హార్బర్ వైపు నుంచి వెళ్తాం. ప్రతిసారీ "అద్దాలు ఎత్తండి, ఛీ కంపు" అనేది నేనే. వాడు చిన్నప్పుడు ముక్కు మూసుకుని ఊపిరి బిగబట్టే ఆట కూడా నేర్పాను, ఎవరు ఎక్కువసేపు బిగబడతారో అని. ఆదివారం కోనెం పులుసు లేకపోతే మా ఇంట్లో ముద్ద దిగదు, అది వేరే సంగతి.

అనకాపల్లి_బెల్లం | మంగళవారం మధ్యాహ్నం 3:02

అక్కా, ఇలా ఒప్పుకోవడం అందరి వల్లా కాదు. నేనైతే పోస్టు డిలీట్ చేసి పడుకునేదాన్ని.

నా గోల ఒకటుంది. మా పెద్దది పై చదువుకి హైదరాబాద్ వెళ్ళింది. "ఏటి" అన్నందుకు హాస్టల్లో దాని పేరు ఏటి అయిపోయింది. సెలవులకొచ్చి "అమ్మా, నువ్వు ఫోన్ స్పీకర్లో పెట్టినప్పుడు బేగి, ఒగ్గీ లాంటివి అనకు" అంది. నా నోట్లోంచి వచ్చే మాట నా కూతురికి నామోషీ. ఆ రోజు ఏం కూర వండానో కూడా గుర్తులేదు. సినిమాల్లో కామెడీ చెయ్యాలంటే మన యాస పెడతారు, ఇంట్లో కూర్చుని మనమే నవ్వుతాం.

గాజువాక_తల్లి | మంగళవారం సాయంత్రం 6:47

మా పాప రెండో తరగతి. 25 శాతం కోటాలో ప్రైవేటు స్కూల్లో సీటొచ్చింది. పోయిన నెల ఇంటికొచ్చి "ఫ్రీ సీటు అంటే ఏంటమ్మా?" అని అడిగింది. పక్కన కూర్చునే పాప "నువ్వు ఫ్రీ సీటు, నా రబ్బరు ముట్టుకోకు" అందట. ఏడేళ్ళ పిల్లకి ఫ్రీ సీటు సంగతి ఎలా తెలుస్తుంది? పెద్దవాళ్ళు కార్లో మాట్లాడుకుని ఉంటారు, లేదంటే స్కూలు వాళ్ళే ఎక్కడో అని ఉంటారు. ఎవరికి చెప్పుకోవాలి? చెప్తే సీటు పోతుందేమోనని భయం.

భీమిలి_మాస్టారు | మంగళవారం రాత్రి 8:20

అమ్మా, ముందు ఆ భయం వదలండి. అది దయతో ఇచ్చిన సీటు కాదు. విద్యాహక్కు చట్టంలోనే 12(1)(సి) అని ఉంది. ప్రవేశ తరగతిలో కనీసం నాలుగో వంతు సీట్లు బలహీన వర్గాల పిల్లలకి ఇవ్వాలి, ఆ ఖర్చు ప్రభుత్వం స్కూలుకి చెల్లిస్తుంది. అంటే ఫ్రీ కూడా కాదు, మన పన్నులే. అడిగారని పాపని తీసెయ్యడానికి వీల్లేదు, ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఏ పిల్లనీ బడి నుంచి పంపించకూడదని అదే చట్టంలో ఉంది. ముందు క్లాస్ టీచర్ని, తర్వాత హెడ్‌మాస్టర్ని కలవండి. ఏం జరిగిందో తేదీ వేసి కాగితం మీద రాసివ్వండి, ఒక కాపీ మీద సంతకం చేయించుకోండి. నోటి మాట గాలికి పోతుంది. అయినా పట్టించుకోకపోతే మండల విద్యాశాఖాధికారి ఉన్నారు, పిల్లల హెల్ప్‌లైన్ 1098 ఉంది. రాత్రిపూట కూడా ఎత్తుతారు.

పాడేరు_పొగమంచు | మంగళవారం రాత్రి 9:11

ఇంటర్, డిగ్రీ వైజాగ్ హాస్టల్లో ఉండి చదివాను. మా ఊరు పాడేరు పైన. ఇంట్లో మా గిరిజన భాష కువి మాట్లాడుకుంటాం. అయిదేళ్ళలో నన్ను అడిగిన ప్రశ్నలు రెండే. "బొంగులో చికెన్ తెచ్చావా?", "మీ భాషలో ఏదైనా మాట్లాడు, నవ్వుకుందాం." నా ఊరి పేరు ఒక్కడూ అడగలేదు. ఎవరూ తిట్టలేదు, నిజం చెప్పాలంటే బాగానే చూసుకున్నారు. కానీ జంతుప్రదర్శనశాలలో ఉన్నట్టుండేది. దీన్ని బుల్లీయింగ్ అంటారో లేదో తర్కం గారే చెప్పాలి.

ఏయూ_సైకాలజీ | మంగళవారం రాత్రి 10:30

ఎంఏ సైకాలజీ చదివాను, కౌన్సెలర్‌ని కాదు. కాబట్టి తెలిసినంతే చెప్తాను. నార్వేలో డాన్ ఓల్వేయస్ అనే ఆయన 1970ల నుంచే దీని మీద పనిచేశారు. బుల్లీయింగ్ అనడానికి ఆయన చూసినవి మూడు. కావాలని చెయ్యడం, పదే పదే చెయ్యడం, ఇద్దరి మధ్యా బలం సమానంగా లేకపోవడం. బొండాంకీ హార్బర్‌కీ తేడా ఈ మూడోదాంట్లో ఉంది. ఒకడు ఎదురు అనగలడు, ఇంకొకడు అనలేడు.

ఫిన్లాండ్‌లో తుర్కు యూనివర్సిటీ వాళ్ళు తయారుచేసిన 'కివా' అనే కార్యక్రమం 2009 నుంచి దేశమంతా స్కూళ్ళలో పెట్టారు. అందులో నాకు నచ్చింది, ఏడిపించేవాడి కంటే చుట్టూ ఉన్నవాళ్ళ మీద ఎక్కువ దృష్టి పెడతారు. మేడం గారబ్బాయి స్ప్రే కొట్టినప్పుడు క్లాసు నవ్వకపోయి ఉంటే రెండోసారి కొట్టడు. వాడు ఆ నవ్వు కోసమే కొట్టాడు. కాబట్టి నవ్విన వాళ్ళ సంగతి కూడా టీచర్ చూడాలి.

తర్కం_మద్దిలపాలెం | మంగళవారం రాత్రి 11:58

పొగమంచు గారూ, నాకు తెలీదండీ.

ఒకటి మాత్రం చెప్తాను. మా బ్యాచే నాకు ప్రాణం అన్నాను కదా. ఇప్పటికీ అందరం కలుస్తాం. ఒకడు రాడు. ఎనిమిదేళ్ళ కిందట గ్రూపులో చేరిస్తే గంటలో బయటికి వెళ్ళిపోయాడు. బిజీ ఏమో అనుకున్నాం. వాణ్ణి మేము ఏమని పిలిచేవాళ్ళమో ఇక్కడ రాస్తే మోడరేటర్ తీసేస్తారు. వాడు కూడా నవ్వేవాడు.

మోడరేటర్ | బుధవారం ఉదయం 7:30

రాత్రి రెండు వ్యాఖ్యలు తీసేశాం. కులం పేరుతో తిట్టడం ఎవరి మీదైనా సరే ఇక్కడ కుదరదు. "నేను తిట్టలేదు, సామెత రాశాను" అని మెసేజ్ పెట్టినవారికి కూడా అదే జవాబు.

మల్కాపురం_మావయ్య | బుధవారం ఉదయం 8:05

సామెత నాదే. మా నాయనమ్మ అనేది, అలవాటులో వచ్చేసింది. తీసేసినందుకు మొదట కోపమొచ్చింది. మా కోడలు చదివి "మావయ్యా, ఇది బుజ్జిగాడి ముందు అనకండి" అంది. సరే.

ఎంవీపీ_అమ్మ | బుధవారం ఉదయం 11:20

వాడిచేత సారీ చెప్పించాలి అనుకుంటున్నాను. క్లాసులో అందరి ముందూ చెప్పిస్తే బాగుంటుందా? లేకపోతే ఆ అబ్బాయిని ఆదివారం ఇంటికి భోజనానికి పిలవనా? మంచి బాక్సు ఒకటి కొనిద్దామని కూడా అనిపించింది.

పేట_ఇంజనీరు | బుధవారం మధ్యాహ్నం 1:04

మూడూ వద్దు మేడం.

అందరి ముందూ సారీ చెప్పిస్తే క్లాసంతా మళ్ళీ ఆ పిల్లాడి వైపే చూస్తారు. వాడు కోరుకునేది ఎవరూ తన వైపు చూడకుండా అన్నం తినడం. భోజనానికి పిలిస్తే రాలేక, రానని చెప్పలేక నలిగిపోతాడు. వాళ్ళమ్మ కొత్త బట్టలు వేసి పంపిస్తుంది. మీ డైనింగ్ టేబుల్ దగ్గర వాడు స్పూన్ ఎలా పట్టుకోవాలో చూసుకుంటూ కూర్చుంటాడు. ఎవరి మనసు తేలిక పడడానికి అదంతా? బాక్సు అసలే వద్దు. వాడికి బాక్సుంది.

మీ వాడికి బుద్ధి చెప్పే పని ఆ పిల్లాడి నెత్తిన పెట్టకండి. అంతే నేను అడిగేది.

భీమిలి_మాస్టారు | బుధవారం సాయంత్రం 5:40

ఇంజనీరు బాబు చెప్పింది నూటికి నూరు పాళ్ళు. నాకు తోచింది ఇది. పేరు పెట్టింది మీ వాడు కాబట్టి ఆ పేరు తీసే పని కూడా వాడిదే. ఎవరైనా హార్బర్ అంటే, మీ వాడు అక్కడే ఆ అబ్బాయి అసలు పేరు పలకాలి. ఉపన్యాసం అక్కర్లేదు, పేరు ఒక్కటి. వెనక బెంచీ వాళ్ళు వీణ్ణి కూడా నాలుగు రోజులు ఆడుకుంటారు. ఆడుకోనివ్వండి. సారీ అంటారా, వాడికి నిజంగా అనిపించిన రోజు, ఎవరూ లేనప్పుడు, ఒక్క ముక్క చెప్తే చాలు.

ఇంట్లో సంగతి. "పెద్దవాళ్ళని గౌరవించు" అని అందరం నేర్పుతాం. బంధువులొస్తే కాళ్ళకి దండం పెట్టిస్తాం, ప్రిన్సిపాల్‌ని మీరు అనిపిస్తాం. అదే పిల్లాడు అరవై ఏళ్ళ వాచ్‌మన్‌ని "నువ్వు గేటు తియ్" అంటాడు, మనకి చెవిన పడదు. గౌరవం వయసుకి అని చెప్తున్నాం, హోదాకి ఇవ్వడం నేర్పుతున్నాం. పిల్లలు చెప్పింది వినరు, చూసింది చేస్తారు. మీరు చేపలు కొనేటప్పుడు ఆవిడని ఏమని పిలుస్తారమ్మా?

ఎంవీపీ_అమ్మ | బుధవారం రాత్రి 9:55

పిలవను మాస్టారూ. "ఏయ్, కోనెం ఎంత?" అంటాను. అయిదేళ్ళుగా ఆవిడ దగ్గరే కొంటున్నాను. ఆవిడ నన్ను "అమ్మగారూ" అంటుంది. పేరు తెలీదు.

మా పనిమనిషికి వేరే గ్లాసు ఉంది, కిటికీలో. అది అత్తగారి హయాం నుంచీ అక్కడే ఉంది, నేను తియ్యలేదు. ఇవన్నీ మీరు అడగలేదు కానీ రాస్తుంటే వస్తున్నాయి.

ఎంవీపీ_అమ్మ | శుక్రవారం రాత్రి 11:15

నిన్న మా వారు వచ్చారు. అంతా చెప్పాను. కేకలేస్తారనుకున్నాను. వాణ్ణి బాల్కనీలోకి తీసుకెళ్ళి కూర్చోబెట్టుకున్నారు. నేను గుమ్మం దగ్గర నిలబడి విన్నాను.

మా వారిది టెక్కలి దగ్గర పల్లె. పెళ్ళయి పదిహేనేళ్ళయింది, ఆయన నోట యాస నేను వినలేదు. మా అత్తగారితో ఫోన్లో మాట్లాడేటప్పుడు మేడ మీదకి ఎందుకు వెళ్తారో నిన్న తెలిసింది. ఇంజనీరింగ్ హాస్టల్లో ఈయన్ని "ఏటి బావూ" అని పిలిచేవారట. మెస్‌లో ఈయన వరసలోకి రాగానే అందరూ కలిసి "ఏటి బావూ, కూడు తిన్నావేటి?" అని పాడేవారట. మొదటి సెమిస్టర్ అంతా మెస్ ఖాళీ అయ్యాక, చివర్లో వెళ్ళి చల్లారిన అన్నం తిన్నారట. ఇదంతా ఆయన తెచ్చిపెట్టుకున్న భాషలో కాదు, వాళ్ళ ఊరి భాషలో చెప్పారు. మా వాడికి మొదట నవ్వొచ్చింది. నవ్వేశాడు కూడా. ఆయన ఆపలేదు, చెప్తూనే ఉన్నారు. కాసేపటికి మా వాడు "నువ్వెవరికీ చెప్పలేదా నాన్నా?" అని అడిగాడు. "సెప్తే ఏటంతారు? జోకు అంతారు" అన్నారు.

వాడు రాత్రి అన్నం తినలేదు. నేను బలవంతం చెయ్యలేదు.

అనకాపల్లి_బెల్లం | శనివారం ఉదయం 7:02

బావగారికి నా తరఫున ఒక దండం. ఇది మా అమ్మాయికి పంపాను. ఇంకా చూడలేదు, నీలం టిక్కులు రాలేదు.

గాజువాక_తల్లి | శనివారం మధ్యాహ్నం 12:30

మాస్టారు చెప్పినట్టు రాసిచ్చాను. హెడ్‌మాస్టర్ కాగితం తీసుకున్నారు, సంతకం చెయ్యడానికి మాత్రం రేపు రమ్మన్నారు. రేపు ఆదివారం. సోమవారం మళ్ళీ వెళ్తాను.

ఎంవీపీ_అమ్మ | రెండు వారాల తర్వాత, గురువారం సాయంత్రం 6:20

అడుగుతూ మెసేజ్‌లు పెట్టినవాళ్ళందరికీ ఇక్కడే చెప్తున్నాను. గొప్పగా చెప్పుకోడానికి ఏమీ లేదు.

టీచర్ క్లాసులో సీట్లు మార్చారు, నవ్విన వాళ్ళతో విడివిడిగా మాట్లాడారు. మా వాడు రెండుసార్లు అసలు పేరు పలికాడట. మూడోసారి ఊరుకున్నాడు. ఎందుకురా అంటే "నన్ను హార్బర్ టూ అంటున్నారమ్మా" అన్నాడు. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి. ఓదార్చాలనిపించింది, కానీ నోట మాట రాలేదు. "రేపు పలుకు" అన్నాను. పలికాడో లేదో నాకు తెలీదు.

ఒకరోజు స్టాఫ్ రూమ్ బయట ఆ అబ్బాయికి సారీ చెప్పాడట. ఆ అబ్బాయి "పర్లేదు" అని వెళ్ళిపోయాడట. ఇప్పటిదాకా వీడితో మాట్లాడలేదు. మాట్లాడాలని రూలేం లేదని వీడికి చెప్పాను.

చేపలావిడ పేరు అడిగాను. "ఎందుకమ్మగారూ, ఏమైంది?" అని భయపడింది. ఆవిడని "మీరు" అంటే నవ్వుతోంది, "మీరేటి" అని. నాకే ఇంకా నోరు తిరగడం లేదు. కిటికీలో గ్లాసు తీసేశాను. మా పనమ్మాయి కొత్త గ్లాసులో టీ తాగి, కడిగి, మళ్ళీ కిటికీలోనే బోర్లించి వెళ్ళింది.

ఇంజనీరు గారూ, మీకొక కబురు. ఆ అబ్బాయి సోమవారం నుంచి బాక్సు తెచ్చుకుంటున్నాడని టీచర్ చెప్పారు. పెరుగన్నం, బంగాళదుంప వేపుడు.

పేట_ఇంజనీరు | గురువారం రాత్రి 8:51

నెత్తళ్ళు తెచ్చిన రోజు చెప్పండి మేడం.